నిప్పుల మూత కింద రొట్టె

1888లో శామ్యూల్ గీ అనే లండన్ పిల్లల డాక్టరు ఒక జబ్బు గురించి రాశాడు. పొట్ట ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా అయిపోయి, తిన్నది ఒంటపట్టక నెలల తరబడి కృశించిపోయే పిల్లల జబ్బు. దీనికి నయం అంటూ ఉంటే అది తిండిలోనే ఉండాలని పట్టుకున్నాడు. అక్కడిదాకా భేష్. ఏ తిండి అన్న దగ్గరే తిరగబడింది. బియ్యం, సగ్గుబియ్యం లాంటివి పనికిరావన్నాడు. రొట్టెని మాత్రం పల్చగా కోసి రెండు వైపులా బాగా కాల్చి పెట్టొచ్చన్నాడు. విషాన్ని పళ్ళెంలో ఉంచి విరుగుడుని తీసి పక్కన పెట్టాడన్నమాట.

ఆ జబ్బు పేరు సీలియాక్. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ అనే జిగురు మాంసకృత్తు తగిలితే ఒంట్లోని రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు మీదే తిరగబడుతుంది. పేగు లోపలి నూగు అరిగిపోతుంది. ఇనుమూ కాల్షియమూ లోపలికి వెళ్ళవు. దీనికి ఇప్పటికీ మాత్ర లేదు. జీవితాంతం ఆ జిగురు తగలకుండా చూసుకోవడమే వైద్యం.

మన దగ్గర రొట్టె కథ వేరు. బెజవాడలో బ్రెడ్డంటే ఇప్పటికీ సగం ఆస్పత్రి వస్తువు. జ్వరం వస్తే పాలల్లో ముంచి బ్రెడ్డు, పరామర్శకి వెళ్తే చేతిలో బ్రెడ్డు, డజను బత్తాయిలు. మా అక్క కూతురికి రెండేళ్ళ పాటు నీరసం, కడుపునొప్పి, ఎంతకీ పెరగని రక్తం. ఐరన్ టానిక్కులు మార్చి మార్చి పోశారు. మేం చూపించిన డాక్టర్లలో ఒకాయన "అన్నం తినే ఊళ్ళో గోధుమ జబ్బేంటమ్మా" అని నవ్వేశాడు కూడా. ఆ రెండేళ్ళూ దానికి ఒంట్లో బాలేనప్పుడల్లా మేమంతా ప్రేమగా పెట్టింది బ్రెడ్డే. చివరికి టీటీజీ అనే రక్తపరీక్ష, తర్వాత ఎండోస్కోపీ. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు.

ఆ డాక్టరు నవ్వడానికి కారణం లేకపోలేదు. 2016లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం దేశంలో మూడు ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పరీక్షించింది. ఉత్తరాన వెయ్యిమందికి ఎనిమిది తొమ్మిది మందిలో ఈ జబ్బు కనబడితే, దక్షిణాన, అంటే వేలూరు దగ్గర, పదివేలకి సుమారు ఒక్కరు. మరి మన రక్తం వేరా అంటే, కాదు. ఈ జబ్బుకి తలుపు తెరిచే జన్యువులు మూడు చోట్లా దాదాపు ఒకే మోతాదులో, సుమారు మూడోవంతు మందిలో ఉన్నాయి. పెద్ద తేడా కంచంలో. ఉత్తరాన రోజుకి మనిషి తినే గోధుమ 455 గ్రాములు, దక్షిణాన 25. ఈ అంకెలు చూశాక నాకు జబ్బు కంటే ఆ పాతిక గ్రాముల మీద ఆసక్తి పుట్టింది. కృష్ణా డెల్టాలోకి గోధుమ ఎప్పుడొచ్చింది, ఎలా వచ్చింది, అది రాకముందు మన వంటింట్లో రొట్టె దేనితో అయ్యేది?

భాషలోనే ఒక ఆధారం ఉంది. వరి, జొన్న, కొర్ర, చోళ్ళు మన మాటలు. గోధుమ సంస్కృతం నుంచి దిగింది. రొట్టె కూడా ఉత్తరాది రోటీకి దగ్గర చుట్టమే. అట్టు మాత్రం మనది. మన నేలకి గోధుమ రాకపోవడానికి పెద్ద రహస్యమేం లేదు, దానికి చలికాలం చల్లగా ఉండాలి. బెజవాడని తెల్లదొరలు బ్లేజ్‌వాడ అని వెక్కిరించింది ఊరికే కాదు.

అలాగని అందరూ వరన్నమే తిన్నారనుకోకూడదు. పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు పల్నాడు వెళ్ళి జొన్నకూడు తినలేక విసుక్కున్నాడని మనకి తెలిసిందే. డెల్టాలో కూడా కాలవలు రాకముందు మెరక పొలాల్లో జొన్నా రాగీయే. వరన్నం కలిగినవాళ్ళది, పండగలది. 1832-33లో డొక్కల కరువు వచ్చి గుంటూరు ప్రాంతంలో లక్షకు పైగా జనం పోయారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి గానీ ఆనకట్ట పని మొదలవ్వలేదు. ఆర్థర్ కాటన్ పథకం, కెప్టెన్ ఆర్ దగ్గరుండి కట్టించాడు, 1852 నుంచి 1855 దాకా. ఆ ఆనకట్టే 1952లో తెగితే, దాని స్థానంలో 1957కల్లా ప్రకాశం బ్యారేజీ వచ్చింది. మన కంచంలో తెల్లన్నం కుప్పకి వయసు కాలవల వయసే. "అనాదిగా మనం అన్నం తినేవాళ్ళం" అనేవాళ్ళకి ఈ ముక్క చెప్తే ముఖం మాడ్చుకుంటారు.

వరితోపాటు ఇంకో పంట చడీచప్పుడూ లేకుండా డెల్టాలో స్థిరపడింది. మినుము. కోతకి కొద్దిరోజుల ముందు, వరి ఇంకా నిలబడి ఉండగానే, ఆ తడిలో మినుములు చల్లేస్తారు. వరి కోసేసరికి మొక్క లేచి ఉంటుంది. దుక్కి లేదు, వేరే నీళ్ళు లేవు, మంచూ నేలలో మిగిలిన చెమ్మా చాలు. గుంటూరు పక్కన లాం ఫారం వాళ్ళు ఎల్‌బీజీ పేరుతో విడుదల చేసిన రకాలు ఈ మాగాణి మినుముకి బాగా కలిసొచ్చాయి. ఒకే మడిలో ఒకదాని వెనక ఒకటి పండే ఈ రెండూ కలిసి రోట్లో పడితే వచ్చేది మినప రొట్టె. గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టె అంటారు. బెజవాడలో రెండు పేర్లూ చెల్లుతాయి.

దీన్ని కొంచెం నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే నా వాదన అంతా దీనిమీదే ఉంది. ఒక గ్లాసు మినప్పప్పు నాలుగైదు గంటలు నానబోసి, నీళ్ళు పొదుపుగా పోస్తూ, గరిటె నిలబడేంత గట్టిగా రుబ్బాలి. దానికి రెట్టింపు బియ్యపు రవ్వ కడిగి, నానబెట్టి, పిండి కలిపి, ఉప్పూ జీలకర్రా వేసి కొన్ని గంటలు వదిలేయాలి. మందపాటి ఇత్తడి గిన్నెలోనో ఇనప మూకుట్లోనో నూనె ధారాళంగా పోసి, మూడు వేళ్ళ మందాన పిండి వేసి, మూత పెట్టి, కుంపటి మీద సన్నసెగన ఉంచాలి. అసలు కిటుకు మూత మీద ఉంది. నాలుగు నిప్పులు తీసి మూత మీద కూడా పేర్చేవాళ్ళు. కింద సెగ, పైన సెగ, మధ్యలో మూసిపెట్టిన ఆవిరి. దీన్నే ఇంగ్లీషులో బేకింగ్ అంటారు. పడమటి దేశాల్లో ఇదే పని చేసే మందపాటి ఇనప పాత్రకి డచ్ ఓవెన్ అని పేరు. డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దం మొదట్లోనే బందరులో దిగారు కదా, వాళ్ళ దగ్గర నేర్చుకున్నామా అని ఎవరైనా అడగొచ్చు. అక్కర్లేదు. నిప్పూ మూతా ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరికి తట్టే ఆలోచనే ఇది.

పైన ఎర్రగా కరకరలాడుతూ, లోపల గుల్లగా దూదిలా ఉంటుంది మంచి మినప రొట్టె. అల్లప్పచ్చడితో తినేవాళ్ళున్నారు, బెల్లప్పాకంలో ముంచుకునేవాళ్ళున్నారు. నేను రెండోరకం.

ఆ గుల్లతనం ఎక్కణ్ణించి వచ్చింది? గోధుమ రొట్టె పొంగడానికి కారణం గ్లూటెన్. పిండి పిసికితే అది సాగే వలలా అల్లుకుని, పులిసినప్పుడు పుట్టిన గాలిని బుడగల్లో పట్టి ఉంచుతుంది. బియ్యంలో ఆ వల లేదు. అందుకే వట్టి బియ్యప్పిండితో కేకు చేస్తే ఇటుకైనా అవుతుంది, ఇసకైనా అవుతుంది. గాలిని పట్టే పని ఇక్కడ మినుము చేస్తుంది. ఇడ్లీ పిండిని పొంగించే సూక్ష్మజీవి ల్యూకోనోస్టాక్ అని 1965లో ఒక పరిశోధన తేల్చింది. గాలి ఎలా నిలుస్తోందన్న సంగతి మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ వాళ్ళు 1970లలో తవ్వారు. మినుములోని మాంసకృత్తులూ, అందులోనే ఉన్న ఒక జిగురు పదార్థమూ కలిసి నురగని విరగకుండా కాపాడతాయట. మినప్పిండి రుబ్బిన చేతిని కడుక్కున్న ఎవరికైనా ఆ జిగురు తెలుసు. అమెరికాలో గ్లూటెన్ లేని రొట్టెలకి జాంథన్ గమ్ కలుపుతారు. అది 1960లలో అక్కడి ప్రయోగశాలలో తయారై, 1969లో తిండిలోకి అనుమతి పొందింది. ఆ డబ్బా ఇప్పుడు మన బేకింగ్ సామాన్ల షాపుల్లోనూ దొరుకుతుంది. చిటికెడు చాలు గానీ, మోతాదు మించితే రొట్టె నోట్లో జారుతుంది.

మినుము ఒక్కటే కాదు. అరిసెల్ని చూడండి. నానబెట్టిన బియ్యాన్ని తడి ఆరకముందే దంచి, జల్లించి, బెల్లప్పాకంలో కలపాలి. పిండి ఆరితే అరిసె నూనెలో విచ్చిపోతుంది. పొడిగా మర పట్టిన పిండి కంటే తడిగా పట్టిన పిండిలో గింజలోని గంజి తక్కువ చితుకుతుందని, దానితో రొట్టె మెరుగ్గా పొంగుతుందని ఇవాళ గ్లూటెన్ లేని బేకింగ్ మీద పనిచేసేవాళ్ళూ చెప్తున్నారు. చెక్కలకీ బియ్యపు రొట్టెలకీ పిండి మీద మరిగే నీళ్ళు పోసి కలపడం ఇంకో ఉపాయం. వేడికి గంజి ఉడికి జిగురొస్తుంది, పగలకుండా వత్తుకోవచ్చు. తపాళాచెక్కలో అయితే పిండిని గిన్నె గోడలకే అద్ది మూతపెట్టి కాలుస్తారు, విరగడానికి దానికి అవకాశమే ఇవ్వరు.

ఇంతా చెప్పాక ఒక జాగ్రత్త. "మన పూర్వీకులకి గ్లూటెన్ మంచిది కాదని అప్పుడే తెలుసు" అని రేపొకరు ఫార్వర్డ్ చేస్తారు. వాళ్ళకేం తెలీదు. వాళ్ళకి గోధుమ దొరకలేదు, అంతే. దొరికిన కొంచెంతో అపురూపమైన మిఠాయిలు చేసుకున్నారు. అన్నవరం సత్యనారాయణస్వామి ప్రసాదం గోధుమ నూకది. బందరు హల్వా గోధుమ పాలది. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పిండి, ఆ పాలని తేర్చి, బెల్లమూ నెయ్యీ పోసి గంటల తరబడి తిప్పుతారు. ఇక్కడ నాకు భలే నచ్చిన సంగతొకటుంది. 1728లో బొలోన్యాలో బెక్కారి అనే ఆయన గోధుమ పిండి ముద్దని నీళ్ళలో పిసికి పిసికి గంజినంతా కడిగేస్తే చేతిలో సాగే బంక మిగిలింది. లాటిన్‌లో బంకని గ్లూటెన్ అంటారు. మాంసకృత్తు మొక్కలో కూడా ఉంటుందని శాస్త్రానికి తెలిసింది ఆ ప్రయోగంతోనే. బందరు హల్వా వండేవాళ్ళు చేసేదీ దాదాపు అదే, కాకపోతే బెక్కారికి కావలసింది బంక, వీళ్ళకి కావలసింది పాలు. బంక పొట్టుతోపాటు పిప్పిలో పోతుంది. అయినా ఆ హల్వా మా పిల్లకి పెట్టడానికి లేదు. పాలల్లో మిగిలే కాస్త చాలు దాని పేగుకి. బందరు లడ్డుకి ఆ బాధ లేదు, అది శనగపిండిది.

గోధుమ నిత్యావసరమైంది మాత్రం నిన్నమొన్నే. 1956 నుంచి పీఎల్ 480 ఒప్పందం కింద అమెరికా గోధుమ ఓడల్లో వచ్చింది. 1965-66 కరువులప్పుడు అది లేకపోతే దేశం గడవని స్థితి. 1965లోనే ప్రభుత్వం మోడరన్ బేకరీస్ పెట్టి కోసిన బ్రెడ్డుని పట్నాల్లో అలవాటు చేసింది. ఆ తర్వాత హరిత విప్లవం. కృష్ణా డెల్టా దానికి వడ్లు పండించింది, పంజాబు గోధుమలు పండించింది. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం పెట్టినా, పల్లెల్లో గోధుమ ఆగలేదు. బొంబాయి రవ్వ వచ్చి ఉప్పుడుపిండిని పండగపూటల్లోకి, ఉపవాసాల్లోకి నెట్టేసింది. ఇత్తడి గిన్నెలో బియ్యపు నూకతో, అడుగున మాడు చెక్కతో వచ్చే ఆ ఉప్పుడుపిండిని మర్చిపోయి పేరులో కూడా బొంబాయి ఉన్న రవ్వని నెత్తిన పెట్టుకోవడం నాకెప్పటికీ అర్థం కాదు. ఆ తర్వాత షుగరు జబ్బు. "రాత్రిపూట అన్నం మానేసి రెండు పుల్కాలు" అన్న మాట వినని ఇల్లు బెజవాడలో ఉందా? ఆ పాతిక గ్రాములు ఇప్పుడు ఎంతయ్యాయో మీ ఇంటి పిండి డబ్బానే అడగండి. జన్యువులు సిద్ధంగా ఉన్నాయని ఆ అధ్యయనమే చెప్పింది.

జబ్బుకీ గోధుమకీ ముడి ఎవరు విప్పారన్నదీ చెప్పాలి. 1924లో న్యూయార్క్‌లో సిడ్నీ హాస్ అనే డాక్టరు పిల్లల్ని అరటిపళ్ళతో బతికించాడు. అరటిపండులో ఏదో మహిమ ఉందనుకున్నారు. మహిమ పండులో లేదు, పండు పెట్టి రొట్టె మానిపించడంలో ఉంది. అది పట్టుకున్నవాడు హేగ్ నగరంలో పిల్లల ఆస్పత్రి డాక్టరు విల్లెమ్ డికె. 1930లలోనే ఆయనకి గోధుమ మీద అనుమానం. 1944-45 చలికాలంలో నాజీల దిగ్బంధంలో హాలండ్‌లో రొట్టె కరువైంది. ఊరంతా ఆకలికి చస్తుంటే ఈ పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె తిరిగొచ్చాక మళ్ళీ పడిపోయారు. 1950లో ఉట్రెక్ట్‌లో సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. గీ రాసిన 62 ఏళ్ళకి బియ్యం నిర్దోషి అని తేలింది.

ఇక మా ఇంటి సంగతి. మొదట్లో అక్కకి ధైర్యం ఏమిటంటే, మనది అన్నం తినే ఇల్లే కదా, బ్రెడ్డూ బిస్కెట్లూ పూరీలూ మానేస్తే సరిపోతుంది. మూడు నెలల తర్వాత కూడా పరీక్షలో అంకె అనుకున్నంత దిగలేదు. వెతగ్గా వెతగ్గా దొరికిన మొదటి దొంగ పప్పుచారులో ఉంది. ఇంగువ. మనం కొనే డబ్బాలో ఉండేది అచ్చమైన ఇంగువ కాదు. దాని ఘాటు తట్టుకోలేం కాబట్టి గోందూ పిండీ కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలాసార్లు గోధుమది. డబ్బా వెనక సన్నక్షరాల్లో రాసే ఉంటుంది, చదివేదెవరు? పులిహోరలో, ఆవకాయ తర్వాత పెట్టే మాగాయ పోపులో, వడియాల్లో, అన్నిట్లోనూ ఉంది. ఇప్పుడు బియ్యప్పిండి కలిపిన ఇంగువ వెతికి తెచ్చుకుంటోంది.

రెండో దొంగ పిండిమర. వీధి చివర మరలో అదే రాయి మీద పొద్దున గోధుమలు, మధ్యాహ్నం బియ్యం, సాయంత్రం శనగపప్పు. "దీనికి ముందు ఏం పట్టారు బాబాయ్?" అని అక్క అడిగితే, "గోధుమలేనమ్మా, దులిపేశాలే" అంటాడాయన. దులపడానికీ చట్టానికీ చాలా దూరం ఉంది. మన ఆహార భద్రత నిబంధన ప్రకారం గ్లూటెన్ లేనిదని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. గోధుమ పిండి మర గోడకి అంటుకున్న పొర చాలు ఆ లెక్క తప్పడానికి. ముందు రెండు కిలోల బియ్యం పట్టించి పారేయమని ఎవరో సలహా ఇచ్చారు. అన్నం పారేయడం అక్కకి చేతకాదు. ఇంట్లోనే నానబెట్టి గ్రైండర్లో రుబ్బడం మొదలుపెట్టింది. అలా మళ్ళీ తడిపిండి దగ్గరికే వచ్చాం. అంతకుముందు తెప్పించిన ఖరీదైన గ్లూటెన్ ఫ్రీ పిండి ప్యాకెట్ తిప్పి చూస్తే అందులో ఉన్నది బియ్యప్పిండి, బంగాళాదుంప గంజి, జాంథన్ గమ్. బియ్యం కొనుక్కోవడానికి డెల్టావాళ్ళం ఢిల్లీకి ఆర్డరు పెట్టామన్నమాట.

ఇప్పుడు అక్క చేసే బ్రెడ్డు మినప రొట్టెకి మనవరాలు. రెండు పాళ్ళు బియ్యం, ఒక పాలు మినప్పప్పు, విడివిడిగా మెత్తగా రుబ్బి కలిపి, చెంచాడు ఇసబ్గోలు పొట్టు వేస్తుంది. మామూలు రోజుల్లో ఎనిమిది గంటలు పులవాలి, బెజవాడ మే నెలలో నాలుగు దాటితే పుల్లటి వాసన. అచ్చులో పోసి 180 డిగ్రీల దగ్గర ముప్పావుగంట. ముక్క కోస్తే విరగదు, వెన్న రాస్తే చిరగదు. మైదా బ్రెడ్డులా సాగుతుందా అంటే సాగదు. ఓవెన్ లేని రోజుల్లో ఇసక పోసిన కుక్కరులో క్రిస్మస్ కేకులు చేసిన మా పక్కింటి ఆంటీ ఒక ముక్క తిని, "ఇడ్లీకి పెళ్ళి చేసినట్టుందే" అంది. పొగడ్తో తిట్టో తేలలేదు.

పిల్లకి అసలు కష్టం తిండి కాదు, వద్దనడం. పుట్టినరోజున కేకు వద్దనాలి. పెళ్ళిలో పూరీ వద్దనాలి. అన్నవరం నుంచి ఎవరో ఆకులో కట్టి తెచ్చిన ప్రసాదం వద్దనాలి, అదీ పెద్దవాళ్ళ ముందు. దాని క్లాసులో ఒకమ్మాయి గుణదలలో ఉంటుంది, వాళ్ళు క్యాథలిక్కులు. చర్చిలో ఇచ్చే అప్పం పూర్తిగా గోధుమ లేకుండా ఉండటానికి వీల్లేదని, గ్లూటెన్ బాగా తగ్గించినదైతే పర్వాలేదని వాటికన్ 2017లో మళ్ళీ చెప్పిన సంగతి నేను దానికి చెప్తే, "అయితే మనకే కాదన్నమాట పిన్నీ" అని కాస్త ఊరటపడింది. ప్రసాదం విషయంలో అమ్మమ్మే ఒక దారి చూపించింది. కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకి పెట్టేయమంది. ఇప్పుడు అలాగే చేస్తోంది.

పోయిన సంక్రాంతికి అమ్మమ్మ పాత ఇత్తడి గిన్నె అటక మీంచి దింపించింది. బొగ్గులు దొరకలేదు, మూత మీద నిప్పుల బదులు కాల్చిన పెనం బోర్లించాం. రొట్టె పైభాగం కొంచెం తెల్లగానే ఉండిపోయింది గానీ అడుగు మాత్రం అచ్చం పాతకాలపు ఎరుపు. పిల్ల ఆ అడుగు చెక్కంతా ఒక్కతే గీరుకుని తినేసింది.